బాదం నూనె తీసి కోకో-కాప్రిలేట్ వేస్తే క్రీమ్ మూడు వారాలకే విడిపోతోంది, లోపం ఎక్కడ?

గంధంగిన్నె:

అందరికీ నమస్తే. ముఖానికి పగటిపూట రాసుకునే క్రీమ్ ఇది. బాదం నూనెతో చేసినంత కాలం బాగానే నిలబడింది, కానీ విజయవాడ ఉక్కలో పది నిమిషాలకే ముఖం జిడ్డు కారుతుంది. అందుకని బాదం నూనె మొత్తం తీసేసి, అంతే బరువు కోకో-కాప్రిలేట్/కాప్రేట్ వేయడం జరిగింది. కొబ్బరి నుంచి వచ్చే తేలికపాటి ఎమోలియెంట్, అంటే చర్మాన్ని మెత్తబరిచే నూనెలాంటి ద్రవం. రాస్తుంటే హాయిగా ఉంది, జిగట లేదు. సమస్యల్లా నిలవలోనే.

ఫార్ములా, 100 గ్రాములకు:

నీళ్ళు 70.5
గ్లిసరిన్ 4
శాంతన్ గమ్ 0.3
కోకో-కాప్రిలేట్/కాప్రేట్ 18
ఆలివ్ ఎమల్సిఫయర్ (నూనెనూ నీటినీ కలిపి ఉంచేది; సెటియరిల్ ఆలివేట్, సార్బిటాన్ ఆలివేట్ కలిసినది) 4
సిటైల్ ఆల్కహాల్ 2
ప్రిజర్వేటివ్ (ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిసరిన్ మిశ్రమం) 0.9
విటమిన్ ఇ 0.3

నీటి భాగం, నూనె భాగం రెండూ విడివిడిగా 70 డిగ్రీలకు వేడిచేసి, కలిపి, స్టిక్ బ్లెండర్ 5 నిమిషాలు. 35 డిగ్రీలకు దిగాక ప్రిజర్వేటివ్, విటమిన్ ఇ వేసి, మళ్ళీ బ్లెండర్ ఒక నిమిషం.

మొదటి రోజు చెంచా బోర్లించినా జారదు. వారానికి గరిటెజారుగా అవుతుంది. మూడో వారానికి పైన మీగడలాంటి తెల్లటి పొర, అడుగున పలచని పాలనీళ్ళు. కలియబెడితే మళ్ళీ కలిసిపోతుంది, మర్నాటికి మళ్ళీ అంతే. వేళ్ళ మధ్య నలిపితే సన్నటి రవ్వ పలుకులు తగులుతున్నాయి.

సరుకే కల్తీదా? ఇంట్లో తెలుసుకునే దారి ఉందా? ఇంకో అనుమానం: కొబ్బరి నుంచి వచ్చింది కదా, మొటిమల చర్మానికి పడుతుందా?

కవ్వం:

గంధంగిన్నె గారూ, లక్షణాలు ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. జవాబు సగం అందులోనే ఉంది. "కలియబెడితే మళ్ళీ కలిసిపోతుంది" అన్నారు. అంటే ఎమల్షన్ (నూనె, నీళ్ళ కలయిక) విరగలేదు. నూనె బిందువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా, విడివిడిగానే పైకి తేలుతున్నాయి. పచ్చిపాల మీద మీగడ కట్టినట్టు. విరిగి ఉంటే పైన పసుపు ఛాయతో స్పష్టంగా నూనె కనిపించేది, ఎంత కలిపినా కలిసేది కాదు. కాబట్టి ఎమల్సిఫయర్ తన పని చేస్తోంది. బిందువులను ఉన్నచోట పట్టి ఉంచే కట్టుబాటు నీటి భాగంలో లేదు.

ఆ కట్టుబాటు సడలడానికి మూడు కారణాలున్నాయి. మూడూ ఒకేసారి పడ్డాయి.

మొదటిది సాంద్రత. బాదం నూనె మిల్లీలీటరు 0.915 గ్రాముల దగ్గర ఉంటుంది, మీ కోకో-కాప్రిలేట్/కాప్రేట్ (ఇది ఎస్టర్, అంటే ఆల్కహాల్, కొవ్వు ఆమ్లం కలిసి ఏర్పడినది) 0.86 దగ్గర. గ్లిసరిన్ కలిసిన నీటి భాగం సుమారు 1.01. తేడా ఇంతకుముందు 0.095, ఇప్పుడు 0.15. బిందువు పైకి తేలే వేగం ఈ తేడాతో సమానంగా పెరుగుతుంది కాబట్టి మిగతావేవీ మారకపోయినా వేగం ఒకటిన్నర రెట్లు దాటింది. బిందువు సైజు ప్రభావం ఇంకా ఎక్కువ: వ్యాసార్ధం రెట్టింపైతే వేగం నాలుగు రెట్లు. బ్లెండర్ దశ సరిగ్గా కుదరకపోతే నష్టం అక్కడే.

రెండోది, నా లెక్కలో అసలు దోషి: సిటైల్ ఆల్కహాల్ ఒక్కటే వాడటం. క్రీమ్ గట్టిదనం నూనె నుంచి వచ్చేది తక్కువ. కొవ్వు ఆల్కహాల్ (సిటైల్ ఆల్కహాల్ లాంటి మైనపు పదార్థం), ఎమల్సిఫయర్ కలిసి నీటిలో పొరలు పొరలుగా అల్లుకుని, ఆ పొరల మధ్య నీటిని పట్టుకుంటాయి. సిటైల్ ఆల్కహాల్‌లో గొలుసులన్నీ 16 కార్బన్ల పొడవే. మొదట్లో వదులుగా నిలబడతాయి, రోజులు గడిచేకొద్దీ ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా సర్దుకుని స్ఫటికాలైపోతాయి. పొరల మధ్య నీరు బయటికొచ్చేస్తుంది. పలచబడటం దాని వల్లే, ఆ రవ్వ పలుకులూ చాలావరకు దాని వల్లే. సెటోస్టియరిల్ ఆల్కహాల్‌లో 16, 18 కార్బన్ల గొలుసులు కలగలిసి ఉంటాయి. పొడవులు వేరు కాబట్టి అంత దగ్గరగా సర్దుకోలేవు, అల్లిక ఎక్కువకాలం నిలుస్తుంది. ధరలో పెద్ద తేడా లేదు, ఇది మార్చండి.

బాదం నూనెతో ఈ లోపం ఎందుకు బయటపడలేదంటే, ఆ నూనె బరువుగా ఉండి తేలడాన్ని ఆలస్యం చేసింది. లోపం అప్పుడూ ఉంది.

మూడోది 35 డిగ్రీల దగ్గర బ్లెండర్. 50 కిందికి దిగాక అల్లిక ఏర్పడుతూ ఉంటుంది. అప్పుడు బ్లెండర్ పెట్టడం తోడుకుంటున్న పెరుగును చిలికినట్టే. తెగిన అల్లిక పూర్తిగా తిరిగి కట్టదు.

ఇలా మార్చి చూడండి, 500 గ్రాముల బ్యాచ్‌కు:

నీళ్ళు 361.5 గ్రా.
గ్లిసరిన్ 20
శాంతన్ గమ్ 2
డైసోడియం ఇడీటీఏ (లోహపు అయాన్లను పట్టేసి ప్రిజర్వేటివ్‌కు తోడ్పడేది) 0.5
కోకో-కాప్రిలేట్/కాప్రేట్ 40
కాప్రిలిక్/కాప్రిక్ ట్రైగ్లిజరైడ్ 20
స్క్వాలేన్ 10
ఆలివ్ ఎమల్సిఫయర్ 25
సెటోస్టియరిల్ ఆల్కహాల్ 15
అదే ప్రిజర్వేటివ్ మిశ్రమం 5
విటమిన్ ఇ 1

నూనెల మొత్తం 18 శాతం నుంచి 14కి తగ్గింది, అల్లిక కట్టే మైనపు భాగం 6 నుంచి 8కి పెరిగింది. తేలిక నూనె వాడినప్పుడు లెక్క ఈ వైపే జరగాలి.

శాంతన్‌ను ముందు గ్లిసరిన్‌లో ముద్దలా తడిపి, తర్వాత నీళ్ళు పోస్తే ఉండలు కట్టదు. నీటి గిన్నెను మూతతో సహా తూచి పెట్టుకోండి. రెండు భాగాలూ 75 డిగ్రీలకు చేరాక, 15 నుంచి 20 నిమిషాలు అక్కడే ఉంచండి. ఆలివ్ ఎమల్సిఫయర్ 70 దగ్గర కరిగినట్టే కనిపిస్తుంది, కానీ కంటికి ఆనని పలుకు మిగిలిపోయి తర్వాత రవ్వగా బయటపడుతుంది. ఆవిరైన నీటిని మళ్ళీ తూచి, వేడి నీళ్ళతో భర్తీ చేయండి. ఇది వదిలేస్తే ప్రతి బ్యాచ్ ఒక్కో చిక్కదనంతో వస్తుంది.

నూనెను నీటిలో పోసి, బ్లెండర్ తల పూర్తిగా మునిగేలా పెట్టి, 20 సెకన్లు నడిపి 20 సెకన్లు ఆపుతూ, నడిచిన సమయం మొత్తం 2 నుంచి 3 నిమిషాలు. గాలి పీల్చనివ్వద్దు. 60 దగ్గర బ్లెండర్ తీసేసి, వెడల్పాటి సిలికాన్ గరిటెతో అంచులు గీస్తూ నిదానంగా తిప్పండి. చన్నీళ్ళ టబ్‌లో పెట్టి గబగబా చల్లార్చకండి, అంచుల దగ్గర ముందుగా గడ్డకట్టి పలుకు వస్తుంది. 40 దగ్గర ప్రిజర్వేటివ్, విటమిన్ ఇ వేసి గరిటెతోనే కలపండి. తర్వాత పీహెచ్ చూసి, 10 శాతం లాక్టిక్ ఆసిడ్ ద్రావణం చుక్కలతో 5.5కి తెచ్చుకోండి. ఆ చుక్కల బరువుకు ముందే 5 గ్రాముల నీళ్ళు పక్కన తీసి ఉంచుకోవాలి.

చల్లారగానే ఇది పలచగానే కనిపిస్తుంది. కంగారుపడి ఇంకాస్త శాంతన్ వేయకండి. ఈ ఎమల్సిఫయర్ అల్లిక 24 నుంచి 48 గంటల దాకా గట్టిపడుతూనే ఉంటుంది. చిక్కదనం మూడో రోజున చూసి నిర్ణయించండి.

నీలిగోరింట:

కవ్వం గారు ఒకే ఎమోలియెంట్‌ను మూడుగా ఎందుకు విడదీశారో కాస్త చెబుతాను, ఎందుకంటే రాసుకున్నప్పుడు తెలిసే తేడా అంతా అందులోనే ఉంది.

కోకో-కాప్రిలేట్/కాప్రేట్ రాయగానే పరుచుకుంటుంది, నిమిషంలోపే చర్మం మీద ఏమీ లేనట్టు అనిపిస్తుంది. అదొక్కటే ఉంటే మొదటి క్షణం బాగుంటుంది, తర్వాత ఖాళీ. రాసుకున్నవాళ్ళు "ఇంకిపోయింది, సరిపోలేదు" అని రెండోసారి, మూడోసారి రాస్తారు. ట్రైగ్లిజరైడ్ దాని వెనకే అందుకుంటుంది. స్క్వాలేన్ చివరిదాకా మెత్తదనాన్ని నిలుపుతుంది. మూడింటి వంతు మారిస్తే ఫార్ములా మొత్తం మార్చకుండానే కాలానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. కోస్తా ఉక్కకు 8, 4, 2 శాతాలు సరిగ్గా సరిపోతాయి. హైదరాబాద్ డిసెంబరు పొడిగాలికైతే 6, 4, 4 చేయండి.

ఇంకా తేలిక కావాలంటే కొబ్బరి ఆల్కేన్లు ఉన్నాయి. అవి నిజంగానే ఆవిరవుతాయి, కాబట్టి వాటిని నూనె భాగంతో 75 డిగ్రీల దాకా కాచకూడదు. బరువు తగ్గడం ఒకెత్తు, వాటి ఆవిరి దాదాపు ఆ వేడి దగ్గరే అంటుకోగలదన్నది ఇంకో ఎత్తు. గ్యాస్ పొయ్యి ఉన్న వంటింట్లో అసలు వద్దు. క్రీమ్ 40కి దిగాక, 3 నుంచి 5 శాతం మించకుండా కలపండి. చెరకు నుంచి వచ్చే హెమీస్క్వాలేన్ 15 కార్బన్ల హైడ్రోకార్బన్, స్క్వాలేన్‌లో సరిగ్గా సగం. జుట్టు సీరమ్‌లలో సిలికాన్ బదులు వాడటానికి చాలా బాగుంటుంది. ఐరోపా సంఘం కడిగేసే ఉత్పత్తుల్లో డీ4, డీ5 సిలికాన్లను 2020 నుంచే 0.1 శాతానికి కట్టడి చేసింది, కడగకుండా వదిలేసే ఉత్పత్తులకూ 2027 జూన్ నుంచి అదే పరిమితి. అక్కడికి పంపాలనుకునేవాళ్ళు ఇప్పటినుంచే ఈ మొక్కల నుంచి వచ్చేవాటితో ప్రయోగాలు మొదలుపెట్టడం మంచిది.

కొనేటప్పుడు ఒక అక్షరం దగ్గర జాగ్రత్త. స్క్వాలీన్ వేరు, స్క్వాలేన్ వేరు. రాసేటప్పుడు, పలికేటప్పుడు రెండూ తేలిగ్గా తారుమారవుతాయి. స్క్వాలీన్‌లో ఆరు ద్విబంధాలు ఉంటాయి, గాలి తగిలితే చెడుతుంది. వాటిని హైడ్రోజన్‌తో నింపితే స్క్వాలేన్, అది చెడదు. మొదట్లో ఇది సొరచేప కాలేయ నూనె నుంచే వచ్చేది, ఇప్పుడు ఆలివ్ నుంచి, చెరకు చక్కెరను పులియబెట్టి కూడా తీస్తున్నారు. మూలం ఏమిటో సరఫరాదారు కాగితం మీద రాసి ఇవ్వాలి.

మొటిమల సంగతి. కొబ్బరి నూనె వేరు, ఇది వేరు. కొబ్బరి నూనెలో లారిక్ ఆమ్లం ప్రధానంగా ఉన్న ట్రైగ్లిజరైడ్లు. ఇదేమో కొబ్బరి కొవ్వు ఆల్కహాల్‌ను 8, 10 కార్బన్ల ఆమ్లాలతో కలిపి చేసిన ఎస్టర్. చాలా పలచన, చర్మం మీద మందంగా పేరుకోదు. అయితే శోభి మచ్చలు ఉన్నవాళ్ళు, నుదుటి మీద దురదతో ఒకేలాంటి చిన్న పొక్కులు వచ్చేవాళ్ళు ఎస్టర్లు తగ్గించి స్క్వాలేన్ వైపు వెళ్ళడం మేలు. వీటికి కారణమైన ఫంగస్ ఎస్టర్లను విడగొట్టి కొవ్వు ఆమ్లాలను ఆహారం చేసుకోగలదు. స్క్వాలేన్‌లో విడగొట్టడానికి ఎస్టర్ బంధమే లేదు.

త్రాసు:

కల్తీ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది నేను రాస్తాను.

100 మి.లీ. కొలజాడీని త్రాసు మీద పెట్టి సున్నా చేసి, గది వేడిలో ఉన్న సరుకును గీత దాకా పోయండి. కోకో-కాప్రిలేట్/కాప్రేట్ అయితే 86 గ్రాముల దగ్గర తూగుతుంది. 94, 95 చూపిస్తే మీకు అంటగట్టింది కాప్రిలిక్/కాప్రిక్ ట్రైగ్లిజరైడ్. 81 చూపిస్తే అది స్క్వాలేన్ లాంటి హైడ్రోకార్బన్. జాడీ గీత చదివేటప్పుడు కన్ను ద్రవం మట్టానికి సమంగా ఉండాలి, లేకపోతే ఒక గ్రాము అటూ ఇటూ అవుతుంది.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. లైట్ లిక్విడ్ పారాఫిన్ కూడా 82 నుంచి 86 మధ్యే తూగుతుంది, కాబట్టి దాంతో కల్తీ చేస్తే త్రాసు పట్టలేదు. దానికి సపోనిఫికేషన్ విలువే (ఒక గ్రాము సరుకును సబ్బుగా మార్చడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పడుతుందో చెప్పే అంకె) గతి. సరఫరాదారును బ్యాచ్ నంబరుతో ఉన్న విశ్లేషణ పత్రం అడగండి. ఈ ఎస్టర్‌కు 160 నుంచి 173 దరిదాపుల్లో ఉండాలి, ట్రైగ్లిజరైడ్‌కు 325 పైన ఉంటుంది, పారాఫిన్‌కు సున్నా. పారాఫిన్ కలిపేకొద్దీ ఆ అంకె పడిపోతుంది. ఆసిడ్ విలువ (విడిపోయిన ఆమ్లాలు ఎంత ఉన్నాయో చెప్పే అంకె) కూడా చూడండి, అర కంటే తక్కువ ఉండాలి. డబ్బా మూత తీయగానే సబ్బు వాసనో, మేక వాసనో కొడితే ఎస్టర్ విడిపోయి స్వేచ్ఛా ఆమ్లాలు వచ్చాయని అర్థం, కాగితం మీద ఏమున్నా తిప్పి పంపేయండి.

డబ్బాల సంగతి మరచిపోకండి. అద్దంలా మెరిసే చవక గట్టి ప్లాస్టిక్ జాడీలు చాలావరకు పాలీస్టైరీన్, అడుగున త్రికోణంలో 6 అంకె ఉంటుంది. తేలికపాటి ఎస్టర్లు దాన్ని మెత్తబరుస్తాయి, కొన్నాళ్ళకు వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్, 2 అంకె హెచ్‌డీపీఈ, 1 అంకె పెట్ లేదా గాజు వాడండి. కొత్త జాడీ ఏదైనా సరే, ముక్క కోసి, తూచి, ఎస్టర్‌లో ముంచి 45 డిగ్రీల దగ్గర వారం ఉంచి, తుడిచి మళ్ళీ తూచండి. బరువు పెరిగినా, మసకబారినా ఆ జాడీ పనికిరాదు. చేతులకు లేటెక్స్ తొడుగులు కూడా వద్దు, స్క్వాలేన్ తగిలితే సాగి ఉబ్బుతాయి. నైట్రైల్ వాడండి.

గంధంగిన్నె:

ముగ్గురికీ ధన్యవాదాలండి. సిటైల్ ఆల్కహాల్ సంగతి తట్టనేలేదు. ఇంకో రెండు. ఒకటి, కొత్త బ్యాచ్ నిలుస్తుందో లేదో మూడు నెలలు ఆగకుండా తెలుసుకోవచ్చా? రెండు, ఇదే ఎస్టర్‌తో బావంచాల నూనె కలిపి రాత్రి సీరమ్ చేయాలని ఉంది. నీళ్ళు లేని సీరమ్. అలా కుదురుతుందా?

కవ్వం:

నిలవ పరీక్షకు చిన్న సెంట్రిఫ్యూజ్ (గొట్టాలను గిరగిరా తిప్పే యంత్రం) దొరికితే 3000 ఆర్‌పీఎం దగ్గర 30 నిమిషాలు తిప్పండి. ఇప్పటి ఫార్ములాను, కొత్తదాన్ని పక్కపక్కనే పెట్టి తిప్పితే తేడా కళ్ళముందే కనిపిస్తుంది. అందులో నిలిచినంత మాత్రాన ఏడాది నిలుస్తుందని కాదు, అందులో విడిపోయేది మాత్రం ఎటూ నిలవదు. దాంతోపాటు ఒక జాడీ 45 డిగ్రీల దగ్గర 12 వారాలు, ఇంకొకటి ఫ్రిజ్‌లో ఒక రోజు, 45 దగ్గర ఒక రోజు చొప్పున ఆరు విడతలు. మే నెలలో కొరియర్ వ్యాన్‌లో జాడీ పడే బాధ దాదాపు ఇదే. ప్రతి వారం పీహెచ్ రాసుకోండి. అర పాయింటు దిగితే ఏదో కుళ్ళుతోందనో, విడిపోతోందనో అనుమానించాలి.

ప్రిజర్వేటివ్ విషయంలో ఒక మాట. ఫినాక్సీఇథనాల్ కొంత నూనె భాగంలోకి జారిపోతుంది. ఎస్టర్లలోకి ఎక్కువ, స్క్వాలేన్ లాంటి హైడ్రోకార్బన్లలోకి తక్కువ. సూక్ష్మజీవులు బతికేది నీటిలో, మందు చేరింది నూనెలో. పాత ఫార్ములాలో 18 శాతం ఎస్టర్ ఉండగా ఇడీటీఏ కూడా లేకపోవడం నాకు నచ్చనిది అందుకే. ఫినాక్సీఇథనాల్ పరిమితి 1 శాతం, దాన్ని పెంచి సరిపెట్టలేరు. ఎస్టర్ తగ్గించడం, ఇడీటీఏ చేర్చడం, పీహెచ్ 5.5 దగ్గర ఉంచడం, ఇవే దారులు. అమ్మేముందు ల్యాబ్‌లో ఛాలెంజ్ టెస్ట్ (సూక్ష్మజీవులను కావాలనే కలిపి, ప్రిజర్వేటివ్ ఆపగలుగుతుందో లేదో చూసే పరీక్ష) తప్పదు. అమ్మకానికైతే మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీ లైసెన్సు (ఫారం కాస్-8) కావాలి. సొంత యూనిట్ లేకుండా వేరొకరి యూనిట్‌లో చేయించుకుంటే లోన్ లైసెన్సు, కాస్-9.

నీలిగోరింట:

సీరమ్ ప్రశ్నకు: బావంచాల నూనె ముఖానికి వద్దండి. ఆ గింజల్లో సోరాలెన్ ఉంటుంది. ఎండ తగిలితే బొబ్బలెక్కించి, నల్లమచ్చలు మిగిల్చే పదార్థం అది. రాత్రి రాసుకున్నా పొద్దున్న బయటికి వెళ్తారు కదా. మీకు కావలసింది అదే గింజల నుంచి శుద్ధి చేసి తీసిన బకూచియాల్. 95 శాతం పైన స్వచ్ఛత, సోరాలెన్ ఎంత మిగిలిందో విశ్లేషణ పత్రంలో రాసి ఉన్నదే కొనండి. 0.5 శాతంతో మొదలుపెట్టండి.

100 గ్రాములకు స్క్వాలేన్ 40, కోకో-కాప్రిలేట్/కాప్రేట్ 34.3, కాప్రిలిక్/కాప్రిక్ ట్రైగ్లిజరైడ్ 20, జొజొబా 5, బకూచియాల్ 0.5, విటమిన్ ఇ 0.2. బకూచియాల్ జిగటగా ఉంటుంది, ముందు పది గ్రాముల ఎస్టర్‌లో విడిగా కలుపుకుని తర్వాత మిగతావాటిలో పోయండి. వేడి అక్కర్లేదు. బీకరు, గరిటె, సీసా ఎముకలా పొడిగా ఉండాలి. ఒక్క చుక్క నీరున్నా సీరమ్ మసకబారుతుంది, అందులో ప్రిజర్వేటివ్ లేదు కాబట్టి అక్కడే బూజు మొదలవుతుంది. విటమిన్ సి పొడి వేద్దామని చూడకండి, ఈ నూనెల్లో అది కరగదు, అడుగున ఇసుకలా కూర్చుంటుంది.

త్రాసు:

ఆ సీరమ్‌కు డ్రాపర్ సీసా వాడతారేమో, రబ్బరు బుడ్డి నైట్రైల్‌దేనా అని అడిగి కొనండి. మామూలు రబ్బరైతే స్క్వాలేన్ పీల్చి ఉబ్బి, నెలకల్లా పట్టు జారిపోతుంది. పంపు సీసా ఇంకా మేలు. నింపేటప్పుడు 30 మి.లీ. అంటే 30 గ్రాములు అనుకుని తూచకండి. ఈ మిశ్రమం మిల్లీలీటరు 0.856 గ్రాముల దగ్గర వస్తుంది, 30 మి.లీ.కి 25.7 గ్రాములు చాలు. 30 గ్రాములంటే 35 మి.లీ., సీసా మెడ దాటి పొంగుతుంది.